తెలుగువారి పేర్లు: అర్థాలు, మూలాలు

తెలుగువారి నిండు పేరులో ముందు ఇంటిపేరు, వెనక పెట్టిన పేరు ఉంటాయి. ఇంటిపేరు ఊరినో, వృత్తినో, వంశకర్తనో చెబుతుంది. అది పుట్టుకతో వచ్చేది, ఎవరూ ఎంచుకునేది కాదు. ఈ వ్యాసం రెండోదాని గురించి, అంటే బిడ్డ పుట్టాక పెద్దలు ఆలోచించి పెట్టే పేరు గురించి. పేర్ల పుస్తకాలు నిఘంటువు ముందు పెట్టుకుని అర్థాలు రాస్తాయి. ఆ అర్థాలు తప్పు కాకపోవచ్చు గానీ, పేరు పెట్టిన తల్లిదండ్రుల మనసులో ఉన్నది చాలాసార్లు అవి కావు. పెంచలయ్య అన్న పేరుకు నిఘంటువులో అర్థం వెతికి లాభం లేదు. నెల్లూరు జిల్లా రాపూరు దగ్గర పెంచలకోన నరసింహస్వామి గుడికి వెళ్తే తెలుస్తుంది. తెలుగు పేరు పుట్టుక చాలావరకు ఇలాగే గుడిలోనో, మొక్కులోనో, తాతముత్తాతల జ్ఞాపకంలోనో ఉంటుంది.

శాసనాల నాటి పేర్లు

ఈ నేలమీద మనకు దొరికే తొలి పేర్లు ప్రాకృత శాసనాల్లో ఉన్నాయి. శాతవాహన రాజులు తమను తల్లి వైపు గోత్రంతో చెప్పుకున్నారు: గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పుళుమావి. క్రీ.శ. 3వ శతాబ్దిలో నాగార్జునకొండనేలిన ఇక్ష్వాకులదీ అదే పద్ధతి. వారి ఆడపడుచుల పేర్ల చివర శ్రీ ఉంటుంది. ప్రాకృతంలో అది సిరి. శాంతమూలుడి కూతురు అడవి శాంతిశ్రీ పేరులో మొదటి మాట మనం ఇవాళ వాడే అడవే. ఆమె భర్త పేరు ఖండవిశాఖణ్ణక. ఖండ అంటే స్కందుడు, విశాఖుడూ కుమారస్వామే, చివర వినిపించేది అన్న. సంస్కృత దేవుడికి తెలుగు చుట్టరికం కలపడం అప్పటికే మొదలైందన్నమాట. పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాత మనం చేస్తున్నదీ అదే.

తెలుగు భాషలోనే రాసిన తొలి శాసనాల్లో ఒకటి, క్రీ.శ. 575 ప్రాంతానిదిగా చెప్పే కడప జిల్లా కలమళ్ల శాసనం, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. బిరుదు దేశీయం, పేరు సంస్కృతం. రాజులు, పండితులు సంస్కృత నామాలు ధరించినా మామూలు జనం నాలుక మీద అవి నిలవలేదు, కరిగి తెలుగయ్యాయి. ప్రాచీన కవుల పేర్లు చూస్తే ఈ కరుగుడు బాగా తెలుస్తుంది. దగ్గుపల్లి దుగ్గన పేరులో ఉన్నది దుర్గ. మడికి సింగన పేరులో ఉన్నది సింహం, అంటే నరసింహుడు. పింగళి సూరన సూర్యుడు, నాచన సోమన సోముడు, బద్దెన భద్రుడు, మొల్ల తండ్రి కేసన కేశవుడు. జక్కన పేరులో యక్షుడు దాక్కున్నాడు. అందరి చివరా అన్న కుదించుకుపోయి అన అయింది. ఎఱ్ఱన, పెద్దన వంటి పేర్లలో సంస్కృతం పొడ లేదు, రంగూ వయసూ చెప్పే తెలుగు మాటలే. మొల్ల పేరైతే అచ్చంగా ఒక పువ్వు. సుకుమారమైన పూల పేర్లు ఈ కాలపు ముచ్చట అనుకునేవారు ఆమెను గుర్తుచేసుకోవచ్చు.

ఒకే పేరు తరం విడిచి తరం తిరిగి రావడం కూడా అప్పటిదే. కాకతీయుల తొలి వంశక్రమంలో బేతరాజు, ప్రోలరాజు, మళ్లీ బేతరాజు, మళ్లీ ప్రోలరాజు వస్తారు. తూర్పు చాళుక్యుల్లో విష్ణువర్ధనులు, విజయాదిత్యులు ఎంతమందో లెక్కపెట్టి అంకెలు వేస్తే తప్ప చరిత్ర విద్యార్థికి గుర్తుండదు. తాత పేరు మనవడికి పెట్టడమే దీని వెనకున్న సూత్రం. రెడ్డిరాజుల కాలంలో తండ్రి పేరు ముందు చేర్చి కొడుకు పేరు చెప్పేవారు. ప్రోలయ వేమారెడ్డి అంటే ప్రోలయ కొడుకు వేముడు, కాటయ వేముడంటే కాటయ కొడుకు వేముడు. గణపతిదేవుడి కూతుళ్లలో ఒకరు గణపాంబ, తండ్రి పేరే అంబ చేర్చుకుని కూతురిదైంది. మరో కూతురు రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా మగపేరుతో కనిపిస్తుంది. సింహాసనం ఎక్కాలంటే పేరు కూడా మారాల్సి వచ్చింది.

మతం మారినప్పుడూ, ఒక క్షేత్రం ప్రాబల్యం పెరిగినప్పుడూ పేర్లు మారాయి. వీరశైవం విస్తరించాక వృషభం నుంచి వచ్చిన బసవ మాట బసవయ్య, బసవమ్మలుగా స్థిరపడింది. తెనాలి రామలింగడు వైష్ణవం వైపు మళ్లి రామకృష్ణుడయ్యాడంటారు. విజయనగర కాలంలో తిరుమల పేరు రాజాంతఃపురం దాకా వెళ్లింది. కృష్ణదేవరాయల పట్టపురాణి తిరుమలదేవి, కొడుకు తిరుమలరాయడు. తాళ్లపాక అన్నమాచార్యుల ఇంట్లో కొడుకు పెదతిరుమలాచార్యులు, మనవడు చినతిరుమలాచార్యులు. భార్య తిమ్మక్క పేరులోని తిమ్మ కూడా తిరుమలప్ప నుంచి వచ్చిందేనని పండితుల మాట.

దేవుడి చిరునామా

ఒక తెలుగువాడి పేరు వింటే ఏ జిల్లావాడో చెప్పగలిగే రోజులు నిన్నమొన్నటి దాకా ఉన్నాయి. ఇప్పటికీ అరవై దాటినవారి విషయంలో ఆ అంచనా పెద్దగా తప్పదు. కారణం, ప్రతి సీమకూ తన ఇలవేల్పు ఉన్నాడు, ఆ వేల్పు పేరే ఇంటింటా తిరుగుతుంది.

ఉత్తరాంధ్రలో సింహాచలం అప్పన్న ఉన్నాడు. అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాద్రి అందరూ ఆయన బిడ్డలే. సింహాచలం అన్న పేరు మగవారికీ ఆడవారికీ కూడా పెడతారు. విజయనగరం పైడితల్లి వల్ల పైడిరాజులు, పైడమ్మలు వచ్చారు. అనకాపల్లి నూకాలమ్మ వల్ల నూకరాజులు, నూకాలమ్మలు వచ్చారు. గోదావరి దిగి వస్తే అన్నవరం. అక్కడి స్వామి పూర్తి పేరు వీర వెంకట సత్యనారాయణ స్వామి. ఇద్దరు ముగ్గురు దేవుళ్లు ఒక్క పేరులో కూడిన ఆ మూర్తి వల్లనే గోదావరి జిల్లాల వారి పేర్ల ముందు పొడి అక్షరాలు అంత పొడుగ్గా ఉంటాయి. స్కూలు రిజిస్టర్లలో వి.వి.ఎస్. అన్న మూడక్షరాల వెనక చాలాసార్లు ఉన్నది ఈయనే. ఇంట్లో మాత్రం సత్తిబాబు అని పిలుస్తారు.

కృష్ణా తీరంలో కనకదుర్గ, దుర్గాప్రసాద్. గుంటూరు వైపు కోటయ్యలు, కోటేశ్వరరావులు, కోటేశ్వరమ్మలు ఎక్కువ. శివరాత్రికి ప్రభలు కట్టే కోటప్పకొండ త్రికోటేశ్వరుడి పేరది. మంగళగిరిలో స్వామికి పానకం పోస్తారు, ఆయన పానకాలస్వామి. అందుకే ఆ చుట్టుపక్కల పానకాలు, పానకాలరావు అన్న పేర్లు వినిపిస్తాయి. వేరే సీమవాళ్లకు ఇది వింతగా ఉంటుంది గానీ, నరసింహస్వామి భక్తుడికి ఇంతకన్నా తీయని పేరు దొరకదు. రాయలసీమలో అహోబిలం జనం నోట ఓబులమైంది. ఓబులేసు, ఓబులరెడ్డి, ఓబయ్య, ఓబమ్మ అక్కడివారు. కదిరి నరసింహుడి వల్ల కదిరప్ప ఉన్నాడు. శ్రీకాళహస్తి అమ్మవారు జ్ఞానప్రసూనాంబ, ఎంతోమంది ప్రసూనలకు మూలం ఆవిడే.

తెలంగాణలో మల్లన్న ఒక్కడే అయినా గుడిని బట్టి పేరు మారుతుంది. కొమురవెల్లి మల్లన్న భక్తులు బిడ్డలకు కొమురయ్య, కొమురమ్మ, కొమురెల్లి అని పెట్టుకుంటారు. ఓరుగల్లు దగ్గర ఐనవోలు మల్లన్నను జనం ఐలోని మల్లన్న అంటారు. ఐలయ్య, ఐలమ్మ ఆయన పేర్లు. తెలంగాణ సాయుధ పోరాటంలో 1946 జులై 4న కడివెండిలో తుపాకి గుండుకు బలైన దొడ్డి కొమురయ్య, తన పంట కోసం దొరను ఎదిరించిన చాకలి ఐలమ్మ, ఇద్దరి పేర్లూ ఈ మల్లన్నల గుళ్లవైపే చూపిస్తాయి. వేములవాడ రాజన్న రాజయ్య, రాజేశం, రాజవ్వ అయ్యాడు. యాదగిరిగుట్ట స్వామి యాదగిరి, యాదయ్య, యాదమ్మ అయ్యాడు. మేడారం వనదేవతలు సమ్మయ్య, సమ్మక్క, సారయ్య, సారక్కలను ఇచ్చారు. ఎల్లమ్మ, మైసమ్మ, పోచమ్మలు కూడా మగబిడ్డల పేర్లలోకి వచ్చి ఎల్లయ్య, మైసయ్య, పోచయ్య అయ్యారు. అమ్మవారి పేరు కొడుక్కి పెట్టడానికి మనవాళ్లెవరూ జంకలేదు.

తిరుమల వెంకన్నకు మాత్రం సీమ హద్దు లేదు. వెంకటేశ్వర్లు, వెంకటరమణ, వెంకాయమ్మ, వెంగమాంబ, తిరుపతయ్య, గోవిందు, ఏడుకొండలు, శేషాచలం, శేషగిరి: కొండను, మెట్టును, పిలుపును, దేన్నీ వదల్లేదు. అమ్మవారి పేరు అలమేలు తమిళం నుంచి వచ్చింది. అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే స్త్రీ. పువ్వు మీద కూర్చున్న ఆ తల్లి మన దగ్గర అలివేలు, అలివేలుమంగ, మంగతాయారు అయింది. ఆండాళ్ళు, గోద, రంగనాయకమ్మ కూడా తమిళ వైష్ణవం దారినే వచ్చినవి. తంజావూరు ఆస్థానపు తెలుగు కవయిత్రి ముద్దుపళని పేరులోనైతే తమిళ మురుగన్ కొలువున్న పళని కొండే ఉంది.

మొక్కులు, భయాలు

పుట్టిన బిడ్డలు పురిట్లోనే పోతున్న కాలంలో పేరు ఒక రక్షరేకు. మంచి పేరు పెడితే మృత్యువు కన్ను పడుతుందని, పనికిరాని వస్తువు పేరు పెడితే చూసీచూడనట్టు పోతుందని నమ్మకం. బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకుని పెంటయ్య, పెంటమ్మ అన్నారు. కుప్పయ్య, కుప్పమ్మ అలాంటివే. ఎంగిలి విస్తళ్లలో, అంటే పుల్లి విస్తళ్లలో, దొర్లించి పుల్లయ్య, పుల్లమ్మ అన్నారు. పొరుగావిడకు బిడ్డను ఇచ్చేసి, తవుడు పోసి తిరిగి కొనుక్కున్నట్టు తంతు జరిపి తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు అన్నారు. ఉత్తరాంధ్రలో ఈ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. నాలుగిళ్లలో బిచ్చమెత్తి ఆ గింజలతో వండి పెట్టి భిక్షమయ్య, భిక్షపతి, బిచ్చమ్మ అన్నారు. పిచ్చయ్య, పిచ్చమ్మ కూడా ఈ భిక్ష నుంచే వచ్చాయని ఒక వాదం. నాకు అది సబబుగానే తోస్తుంది, ఎందుకంటే కన్నబిడ్డను వెర్రివాడని పిలవడం కన్నా దేవుడు పెట్టిన భిక్ష అనుకోవడం తల్లికి సహజం.

ఈ పేర్లను చూసి కింది కులాల వారిని కించపరచడానికి పెట్టినవని కొందరు అనుకుంటారు. అందులో కొంత నిజం ఉంది. శూద్రుడి పేరు హీనార్థాన్ని ఇచ్చేదిగా ఉండాలని మనుస్మృతి రాసిపెట్టింది. వీధిలో పెద్దకులాల వారి రామయ్య రామయ్యగారు అయితే వాడలోని రామయ్య రాముడు, రాముగాడు అయ్యాడు. పేరును కుదించడం అణచివేతలో ఒక భాగమే. కానీ పుల్లయ్య వంటి మొక్కు పేర్లు కులాల గోడలు దాటాయి. తెలుగు సినిమా తొలి దశాబ్దాల్లో 1934 నాటి ‘లవకుశ’ తీసిన చిత్తజల్లు పుల్లయ్య, ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ తీసిన పి.పుల్లయ్య, ఇద్దరు పెద్ద దర్శకుల పేరూ అదే. బిడ్డ చావు భయం ఏ ఇంటినీ విడిచిపెట్టలేదు.

పాముకు మొక్కుకుంటే సంతానం కలుగుతుందన్న నమ్మకం మరో పెద్ద పాయ. నాగేశ్వరరావు, నాగమణి, నాగులు, శేషయ్య, సుబ్రహ్మణ్యం, సుబ్బారావు, సుబ్బమ్మ ఈ పాయలోవారే. నాగదోషం, వెంకన్న మొక్కు రెండూ ఉన్న ఇంట్లో వెంకటసుబ్బయ్య పుడతాడు.

మొక్కుకు మతం అడ్డు రాలేదు. గుంటూరు మస్తాన్ దర్గాకు, నెల్లూరు జిల్లా కసుమూరు దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలో మస్తానయ్య, మస్తాన్‌రావు, మస్తాన్‌రెడ్డి, మస్తానమ్మ ఉన్నారు. కర్నూలు, కడప వైపు దస్తగిరి, ఫకీరప్ప, ఉసేనప్ప వినిపిస్తాయి. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం నాడు అగ్నిగుండం తొక్కే కుళ్ళాయిస్వామి ఉత్సవానికి హిందువులూ ముస్లింలూ వస్తారు. ఆ స్వామి పేరే కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ. పీర్ల పండుగ పీరయ్యను ఇచ్చింది. అరబ్బీ, ఫారసీ మాటకు అప్ప, అయ్య, అమ్మ తగిలించి సొంతం చేసుకున్న ఈ పేర్లు తెలుగు నామ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పుట.

క్రైస్తవుల్లో ఇదే పని మరో విధంగా జరిగింది. కతోలికులు జేవియర్‌ను శౌరి అన్నారు; శౌరయ్య, శౌరమ్మ, బాలశౌరి అందులోంచి వచ్చారు. ఇగ్నేషియస్ ఇన్నాసయ్య, ఇన్నయ్య అయ్యాడు. జోసెఫ్ జోజి, జోజయ్య అయ్యాడు. పేతురు పేరుకు రాయి అని అర్థం, అందుకని తమిళ, తెలుగు కతోలికుల్లో ఆయన రాయప్ప. లూర్దు మాత లూర్దమ్మ, వేళాంగణి ఆరోగ్యమాత ఆరోగ్యమ్మ. ప్రొటెస్టెంటు కుటుంబాలు బైబిలు పేర్లను తెలుగు బైబిలులో ఉన్నట్టే దావీదు, యోహాను, రూతు, ఎస్తేరు అని తీసుకున్నాయి, లేదా భావాన్ని తెలుగు చేసి కృపారావు, కరుణమ్మ, దేవదానం, జీవరత్నం, దీవెనమ్మ అని పెట్టుకున్నాయి. తెలుగు బైబిలు యెహోషువ అంటుంటే 1895లో వినుకొండలో పుట్టిన కవి పేరు జాషువ అయింది. తెలుగు సాహిత్యంలో ఆ పేరు నిలిచింది రెండో రూపంలోనే.

చివరి అక్షరాలు

పేరు మధ్యలో దేవుడుంటే చివర సమాజం ఉంటుంది. రాముణ్ణే తీసుకోండి. రామయ్య, రామన్న అందరి పేర్లు. రామప్ప అంటే రాయలసీమ వైపు చూడాలి. రామిరెడ్డి, రామానాయుడు, రామశాస్త్రి, రామాచారి అంటే కులం చెప్పేసినట్టే. రామారావులో రావు రాజు, రాయ అన్న మాటల వారసుడు. దక్కను కొలువుల్లో, మరాఠా ప్రభావంలో వ్యాపించి ఎన్నో కులాలకు గౌరవ వాచకమైంది. రాములులో లు బహువచనం, ఒక్క మనిషిని పదిమందిగా గౌరవించే పద్ధతి. పొట్టి శ్రీరాములు, వెంకటేశ్వర్లు, ఆంజనేయులు అలాంటివే. రామం, రాంబాబు అన్నప్పుడు ఇరవయ్యో శతాబ్ది వచ్చినట్టు. రామ్ అన్నప్పుడు ఆ శతాబ్ది చివరికి చేరినట్టు.

ఆడవారి పేర్ల చివర సీమ మరింత బాగా తెలుస్తుంది. కోస్తాలో అమ్మ, అనంతపురం వైపు అక్క, కరీంనగర్ వైపు అవ్వ: లక్ష్మమ్మ, లక్ష్మక్క, లచ్చవ్వ. శాసనాల్లో కనిపించే సాని ఒకప్పుడు గౌరవ పదమే, స్వామిని నుంచి వచ్చింది. తర్వాత దాని విలువ పడిపోయి పేర్లలోంచి జారిపోయింది. అచ్చమాంబ, వెంగమాంబ పేర్లలోని అంబ అమ్మకు పండితులు కట్టిన పట్టుచీర. పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరే కాదు, కొన్ని ఇళ్లలో అసలు పేరూ మారేది. వీరేశలింగం భార్యగా మనకు తెలిసిన రాజ్యలక్ష్మి పుట్టింటి పేరు బాపమ్మ.

ఇక ముద్దు పేర్లు. బుచ్చి, బుల్లి, చిట్టి, చిన్ని, పాప, బుజ్జి, చంటి, పండు అన్నీ పసితనాన్ని చెప్పే మాటలే, కానీ చాలామందికి అవే జీవితాంతం నిలుస్తాయి. శివరాజు వెంకట సుబ్బారావు అంటే ఎవరికీ తెలియదు, బుచ్చిబాబు అంటే తెలుస్తుంది. సత్తిరాజు లక్ష్మీనారాయణ బాపు అయ్యాడు. ముద్దు పేరుకు ఒక బలమైన కారణం ఉంది. మనవడికి తాత పేరు పెట్టాక కోడలు ఆ పేరు పెట్టి బిడ్డను ఎలా పిలుస్తుంది? మామగారి పేరు నోటితో అనకూడదు, మొగుడి పేరూ అంతే. అందుకే పత్రంలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. కొత్త దంపతులను గడప దగ్గర ఆపి ఒకరి పేరు ఒకరిచేత చెప్పించే వేడుకలో నవ్వులు పూయడానికి కారణం ఈ నిషేధమే.

బారసాల, అక్షరం

గృహ్యసూత్రాలు నామకరణాన్ని సంస్కారాల్లో ఒకటిగా చెప్పాయి. మగపిల్లవాడి పేరుకు రెండు లేదా నాలుగు అక్షరాలుండాలని, నాద వర్ణంతో మొదలవ్వాలని, ఆడపిల్ల పేరుకు బేసి అక్షరాలుండాలని నియమాలున్నాయి. ఇప్పుడు వాటిని పాటించేవారు తక్కువ. తెలుగు ఇళ్లలో పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో బారసాల చేసి, పళ్లెంలో బియ్యం పోసి తండ్రి బంగారు ఉంగరంతో పేరు రాస్తాడు. నక్షత్రాలు 27, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అశ్విని పాదాలకు చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. ఇంతవరకు ఇబ్బంది లేదు. హస్త మూడో పాదంలో ణ, ఆర్ద్ర మూడో పాదంలో ఙ వస్తే ఏ తెలుగు మాట దొరుకుతుంది? వెనకటివారు తెలివిగా జన్మనామం జాతకంలో రాసి, పిలిచే పేరు వేరే పెట్టుకున్నారు. ఈ తరం పిలిచే పేరే ఆ అక్షరంతో మొదలవ్వాలని పట్టుబట్టి, అర్థం లేని ధ్వనులను పేర్లుగా ముద్ర వేయించుకుంటోంది. నక్షత్రానికి విధేయత, భాషకు అన్యాయం.

చదువు, ఉద్యమం, సినిమా

ఇరవయ్యో శతాబ్దిలో పేరు పెట్టే అధికారం పూజారి, తాతల చేతుల్లోంచి కొంత జారింది. బెంగాలీ నవలల అనువాదాలతో శరత్, రవీంద్ర వంటి పేర్లు వచ్చాయి. స్వాతంత్ర్యోద్యమం గాంధీని, సుభాష్ చంద్రబోసును, జవహర్‌ను పెట్టిన పేర్లుగా మార్చింది. బోస్ బెంగాల్లో ఇంటిపేరు, గోదావరి జిల్లాలో బారసాల పేరు. నాస్తికుడు గోరా తన బిడ్డల పేర్లలో దేవుడికి చోటే ఇవ్వలేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడు సమరం, తొమ్మిదో సంతానం నౌ. క్యాలెండరు చూసి పేరు పెట్టడమంటే ఇదీ.

కులం తోక తెంచుకున్నవారూ, తోకను ఎదురు తిప్పినవారూ ఉన్నారు. పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి రెడ్డిని వదిలి సుందరయ్యగా కమ్యూనిస్టు ఉద్యమంలో మిగిలాడు. హైదరాబాదులో దళిత ఉద్యమానికి పునాది వేసిన మాదరి భాగయ్య భాగ్యరెడ్డివర్మ అయ్యాడు. వర్మ ఆర్యసమాజం ఇచ్చింది. ఒకరు వదులుకున్న గౌరవ వాచకాన్ని మరొకరు హక్కుగా తీసుకోవడం పరస్పర విరుద్ధం అనిపించవచ్చు గానీ, ఇద్దరూ ఎదిరించింది ఒకే వ్యవస్థను.

బడి కూడా పేర్లను మార్చింది. చేర్పించడానికి వచ్చిన పిల్లవాడి పేరు మోటుగా ఉందని పంతులుగారు సొంతంగా దిద్దిన సందర్భాలు పల్లెల్లో కొల్లలు. పుట్టినరోజూ ఆయనదే, పేరూ ఆయనదే. సినిమా, నవల, రేడియో కలిసి 1960, 70లలో సుజాత, కవిత, రజని, శిరీషలను తెచ్చాయి. ఈశ్వరరావులు కుదించుకుని మహేష్, సురేష్, రమేష్‌లయ్యారు. తోబుట్టువులందరికీ ప్రాస కలిపే సరదా కూడా అప్పుడే ముదిరింది. ఎన్.టి.రామారావు కొడుకుల పేర్లన్నీ కృష్ణతో ముగుస్తాయి: హరికృష్ణ, మోహనకృష్ణ, బాలకృష్ణ, ఇలా. కూతుళ్లు లోకేశ్వరి, పురందేశ్వరి, భువనేశ్వరి, ఉమామహేశ్వరి. షిర్డీ, పుట్టపర్తి భక్తి పెరిగాక సాయి లేని తరగతి గది లేకుండా పోయింది.

ఈ పాతికేళ్లలో వచ్చిన మార్పు పాతవాటికన్నా లోతైనది. పేరు చివర అయ్య, అమ్మ, రావు పోయి హల్లు మిగిలింది. రెండక్షరాల్లో ముగియాలి, విదేశీయుడి నోట పలకాలి, ఎవరికీ లేనిదై ఉండాలి. ఈ మూడు షరతుల వల్ల ఢిల్లీ పిల్లవాడికీ, వరంగల్ పిల్లవాడికీ ఒకే పేరు వస్తోంది. వీటిలో కొన్నిటికి చెబుతున్న సంస్కృతార్థాలు ఏ నిఘంటువులోనూ లేవు. పైగా సంఖ్యాశాస్త్రం పేరిట ఇంగ్లీషు స్పెల్లింగులో అదనపు అక్షరాలు చేరుస్తున్నారు. తెలుగులో రాసినప్పుడు అదృష్టం ఏ మార్పూ లేకుండా అలాగే ఉంటుంది. పేరు కోసం తొందరపడేవారికి ఒక చట్టపు సంగతి: 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చు. ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు.

దేశం దాటిన పేర్లు

అమెరికా వెళ్లిన తెలుగువారికి ముందు పేరు, చివరి పేరు అన్న గడులు తెచ్చిన చిక్కు తెలిసిందే. ఇంటిపేరు ముందుండే అలవాటు వల్ల కొందరి పెట్టిన పేరే అక్కడ వంశనామమై కూర్చుంది. ఇది కొత్త కథేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దిలో ఒప్పంద కూలీలుగా ఓడలెక్కినవారి ఇంటిపేర్లను గుమాస్తాలు పట్టించుకోలేదు. రిజిస్టరులో రాసిన పెట్టిన పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరైంది. మారిషస్ తెలుగువారిలో అప్పడు, దక్షిణాఫ్రికా, మలేషియాల్లో అప్పలసామి ఇంటిపేర్లుగా ఇప్పటికీ ఉన్నాయి. తెలుగు మాట్లాడడం మరిచిన కుటుంబాల్లో కూడా, ముత్తాత సింహాచలం కొండ చుట్టుపక్కల నుంచి వెళ్లాడని చెప్పడానికి ఆ ఒక్క పేరే ఆధారంగా మిగిలింది.